లోడు నిండే దాకా

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. తయారైన సరుకు ఏ ఊరికి దేనిలో వెళ్లాలో తేల్చడం నా పని. చిన్న ఉద్యోగమే. ఒక బల్ల, రెండు ఫోన్లు, గోడకి అంటించిన రైళ్ల వేళల కాగితం. కానీ ఆ బల్ల ముందు కూర్చుంటే లోకం ఎవరి కోసం పరిగెడుతుందో, ఎవరిని ఆగమంటుందో బాగా తెలుస్తుంది.

గుండు పప్పు ఢిల్లీలో మిఠాయి వ్యాపారికి వెళ్లాలంటే దాని కోసమే ఒక లారీ మాట్లాడతాను. అది దారిలో ఎవరి సరుకూ ఎక్కించుకోదు. ముక్కలు చిన్న చిన్న బేకరీలకి వెళ్లాలంటే పార్సిల్ లారీలో వేస్తాను. దానిలో పదిమంది సరుకూ కలిపి వేస్తారు. నిండే దాకా కదలదు. రైలు పార్సిల్ త్వరగానే వెళ్తుంది గాని ఎక్కించేచోటా దింపేచోటా మన మనిషి ఉండాలి. పిక్కల తొక్కలు నూనె మిల్లుకి పంపాలంటే, ఏ బండి ఖాళీగా తిరిగి వెళ్తోందో వెతికి దానిలో వేస్తాను. నేను చేరిన కొత్తలో మా యజమాని ఒక మాట చెప్పారు. "సరుకు ఎప్పుడు కావాల, దారిలో పాడవుతాదా, ఆలిస్యమైతే అరిసేవోడు ఎవుడు. ఈ మూడూ సూసుకో తల్లీ, సాలు." మొదటి రెండూ ఊరికే. మూడోదాన్ని బట్టే అన్నీ నడుస్తాయి. గట్టిగా అరవగలిగినవాడి సరుకు ముందు వెళ్తుంది. పదేళ్లు నేను అలాగే పంపించాను, మంచి పేరు కూడా తెచ్చుకున్నాను. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం ఎందుకంటే ఇక్కడ నేను కొందరిని తిట్టబోతున్నాను.

నేను పెళ్లి చేసుకున్నది మా మేనత్త కొడుకుని. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. ఉద్దానంలో సముద్రం హోరు వినిపించేంత దూరంలో మా ఊరు. కొంత కొబ్బరి, కొంత జీడి. బావకి నలభై మూడో ఏట కాళ్లు వాచాయి. మా వైపు కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు, అందుకే కాళ్లు వాచాయని చెబితే ఎందుకని ఎవరూ అడగరు. "ఎంతున్నాది?" అని అడుగుతారు. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉంది అని. సంతకం పెట్టడం రాని ముసలమ్మలకి కూడా ఆ అంకె ఎంతుంటే ఏమవుతుందో తెలుసు. మా ఇంట్లో ఆ అంకె పెరుగుతూ పెరుగుతూ డయాలసిస్ దాకా వచ్చింది.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. మొదటిది మిషన్. వారానికి మూడు రోజులు పలాస వెళ్లి, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద పడుకోవాలి. రెండోది ఇంట్లోనే చేసుకునేది. పొట్టలోకి ఒక సన్నని గొట్టం అమరుస్తారు. రెండు లీటర్ల మందునీళ్ల సంచి పైన కొక్కేనికి తగిలిస్తే ఆ నీళ్లు పొట్టలోకి దిగుతాయి. కొన్ని గంటలు అక్కడే ఉండి, ఒంట్లో చేరిన చెడునంతా పట్టుకుని, కింద పెట్టిన ఖాళీ సంచిలోకి బయటికి వచ్చేస్తాయి. మళ్లీ ఇంకో సంచి. రోజుకి నాలుగు.

"మిసనొద్దే," అన్నాడు బావ. "వారంలో మూడు రోజులు నాను మంచమెక్కితే తోటెవుడు సూత్తాడు?"

విశాఖలో పది రోజులుండి ఇద్దరం నేర్చుకున్నాం. చేతులు ఎంతసేపు కడగాలో, మూతికి గుడ్డ ఎలా కట్టుకోవాలో, ఫ్యాను ఎందుకు ఆపాలో నర్సు నేర్పింది. వాడే ముందు సంచిని రెండు చేతులతో నొక్కి చూడాలని, ఎక్కడైనా చెమ్మ తగిలితే ఇంక దాని ముఖం చూడకూడదని మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చి తూర్పు గదికి సున్నం వేయించి దాన్ని అందుకోసమే ఉంచాం. మా అమ్మాయి శ్రీకాకుళం హాస్టల్ నుంచి వచ్చినా ఆ గదిలోకి కాళ్లు కడుక్కునే వెళ్లేది.

బావ ఆ పని నాకంటే బాగా పట్టేశాడు. తెల్లారి ఒకటి వేసుకుని తోటకి వెళ్లేవాడు. మధ్యాహ్నం వచ్చి ఇంకోటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. చెట్టు ఎక్కలేడు గాని కింద నిలబడి దింపించేవాడు. జీడి రోజుల్లో పిక్కలు తనే ఏరేవాడు. పొట్టలో రెండు లీటర్ల నీళ్లు మోస్తూ వంగి వంగి ఏరే మనిషిని చూసి నాకు భయమేసేది. "కడుపుతో ఉన్నోల్లు పనులు సేయరేటి?" అనేవాడు. అలా రెండేళ్లు గడిచాయి. మంచి రెండేళ్లు.

ఆ నీళ్ల పెట్టెలు విశాఖలోని ఒక ఏజెన్సీ నుంచి వచ్చేవి. నెలకోసారి, చెప్పిన రోజున, మూసి ఉన్న చిన్న వ్యాను వాకిట్లో ఆగేది. డ్రైవరు పెద్దవయసు మనిషి. ఒక్కొక్క పెట్టెనీ రెండు చేతులతో ఎత్తి గదిలో తనే సర్దేవాడు. పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి. "సెల్లెమ్మా, ఓ వారానికి సరిపడా ఎప్పుడూ ఎగస్ట్రా ఉంచుకో. దారిలో ఏటవుతాదో ఎవులికి తెలుసు," అని చెప్పి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, తర్వాతి ఊరికి వెళ్లేవాడు. మా ఇంటితో కలిపి మా చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఆరు ఉండేవి.

ఒకరోజు ఆఫీసులో ఉండగా ఆ ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. కొత్తగా వచ్చిన మేనేజరు. మర్యాదైన గొంతు.

"మేడమ్, వచ్చే నెల నుంచి మా వ్యాన్ రాదు. బాక్సులు పార్సిల్ లారీలో టెక్కలి గోడౌన్‌కి వస్తాయి. మీరు అక్కడ కలెక్ట్ చేసుకోవాలి."

"పార్సిల్ లారీ అంటే పదిమంది సరుకూ కలిపి వేసేదేనా?"

"అవును మేడమ్. మీకు దాని గురించి తెలుసా?"

"నా ఉద్యోగమే అది. ఆ లారీ నిండితే గాని కదలదు. మా ఇంట్లో రోజుకి నాలుగు సంచులు కావాలి. లారీ నిండలేదని ఆయన ఒళ్లు ఆగదు కదండీ. రైల్లో వేయండి. పొద్దున్న విశాఖలో ఎక్కిస్తే మధ్యాహ్నానికి పలాసలో ఉంటాయి. స్టేషన్‌కి నేనే వచ్చి దింపుకుంటాను."

"రైల్వేలో హ్యాండ్లింగ్ ఎక్కువ మేడమ్. బుకింగ్‌కి వేరే స్టాఫ్ కావాలి. మేము అన్ని మోడ్స్ కంపేర్ చేశాం. ఇదే బెస్ట్ ఆప్షన్."

"ఎవరికి బెస్టు?"

"ఓవరాల్‌గా మేడమ్."

ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. మండటానికి కారణం, అది నా మాట. బేకరీవాళ్లు ఫోను చేసి సరుకు రాలేదంటే నేను కూడా అలాగే, అదే గొంతుతో, మొత్తం మీద ఇదే మంచి పద్ధతి అని చెప్పేదాన్ని. బేకరీలో ముక్క పప్పు లేకపోతే ఆ పూట బిస్కట్లు ఉండవు. అంతే. మా ఇంటి సంగతి అది కాదు.

మొదటి నెల పెట్టెలు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాయి. ఎక్స్‌ట్రాగా ఉంచినవి ఆదుకున్నాయి. రెండో నెల వానలు. లారీ ఎక్కడుందని అడిగితే ఏజెన్సీ ట్రాన్స్‌పోర్టు వాళ్లని అడగమంది. ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఇంకా లోడు కాలేదన్నారు. ఎనిమిదో రోజున టెక్కలి నుంచి కబురు వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టి, ఒక ఆటో మాట్లాడుకుని వెళ్లాను.

గోడౌన్‌లో మా పెట్టెలు అన్నిటికంటే అడుగున ఉన్నాయి. వాటి మీద నీటి పంపుల మోటార్లు. మోటార్ల మీద రంగు డబ్బాలు. అట్ట తడిసి, ముట్టుకుంటే ఊడి చేతిలోకి వస్తోంది. కింద సిమెంటు మీద నీళ్లు పాయలుగా పారుతున్నాయి. వాన నీళ్లేమో అనుకుని వేలు పెట్టాను. వేలు జిగటగా అంటుకుంది. ఆ మందునీళ్లలో చక్కెర కలుస్తుంది. పాయ చివర అప్పటికే చీమలు చేరాయి.

నేను అరవడం మొదలుపెట్టాను. గోడౌన్ గుమస్తా కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "ఏటమ్మా, నీల్లే కదా. దీనికింత గొడవేటి?"

నాకు కోపం వస్తే ఆఫీసు తెలుగు పోయి ఊరి మాట వచ్చేస్తుంది. "ఏటి నీల్లే కదా? మా బావకి ఉచ్చ రాదు. రెండేల్లయ్యింది. ఈ నీల్లే ఆయనకి ఉచ్చ. ఈటి మీద మోటార్లెట్టినావు నువ్వు!"

హమాలీలందరూ ఆగి చూశారు. అంతమంది మగవాళ్ల మధ్య ఆ మాట అన్నందుకు నాకు సిగ్గనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. గుమస్తా లేచి నిలబడ్డాడు.

"నాకేటి తెలుసమ్మా. పెట్టె మీద అంతా ఇంగిలీసే. లారీలో ఎలగుంటే అలగే దింపించినాను. ఇదని ఎవులూ నాకు సెప్పలేదు."

అతను నిజమే చెప్పాడు. దాంతో నా కోపానికి నిలవడానికి చోటు లేకుండా పోయింది. నేల మీద చతికిలబడి ఒక్కొక్క సంచినీ తీసి నొక్కి చూశాను. హమాలీల్లో ఇద్దరు వచ్చి, ఎలా నొక్కాలో అడిగి, నాతో పాటు కూర్చున్నారు. పొడిగా ఉన్నవి ఒక పక్క, చెమ్మ తగిలినవి ఒక పక్క పెట్టాం. చెమ్మ గుట్టే పెద్దది. పనికొచ్చేవి ఓ వారం రోజులకి సరిపోతాయేమో.

అక్కడి నుంచే మేనేజరుకి ఫోను చేశాను. "సారీ మేడమ్. డ్యామేజ్ అయినవి నెక్స్ట్ లోడ్‌లో పంపిస్తాం," అన్నాడు.

"ఆ లోడు ఎప్పుడు?"

"అది ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు చెప్పాలి."

ఇంటికి తెచ్చినవి బావ గదిలో తనే సర్దుకున్నాడు; ఏజెన్సీకి చూపించడానికి తెచ్చిన చెమ్మవి గోడవార వేరే పెట్టెలో పెట్టాడు. నేను ఎనిమిదింటికి బయలుదేరి పలాస వెళ్లిపోతాను, చీకటిపడే వేళకి వస్తాను. మధ్యాహ్నం సంచి, సాయంత్రం సంచి తనే వేసుకోవాలి. రోజూ అడిగేదాన్ని.

"మద్దినేల ఏసినావా బావా?"

"ఏసినానే."

ఐదో రోజుకి కళ్ల కింద ఉబ్బు వచ్చింది. చెప్పులు పట్టడం లేదని మానేసి ఉత్త కాళ్లతో తిరుగుతున్నాడు. నాలుగు అడుగులు వేసి అరుగు మీద కూర్చుంటున్నాడు. అనుమానం వచ్చి గదిలోకి వెళ్లి మంచి సంచులు లెక్కపెట్టాను. ఉండాల్సిన వాటి కంటే ఎక్కువ ఉన్నాయి. నా ఉద్యోగంలో సరుకు తగ్గితే కంగారుపడటమే తెలుసు. ఎక్కువుందని భయపడటం అదే మొదటిసారి.

"రెండేసే ఏత్తన్నావు కదా? ఎందుకబద్దమాడినావు?"

"నాలుగు రోజులు సాగదీత్తే కొత్తయి వచ్చీత్తాయి కదే. నీకు సెప్తే ఆఫీసులో కూకోని ఏడుత్తావు."

"సాగదీయడానికి అదేటి బియ్యమేటి?" అని అరిచాను. అరిచి, చేతులు కడుక్కుని, అప్పటికప్పుడు ఒక సంచి నేనే తగిలించాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి అక్కడ హడావుడి. పెద్ద కొనుగోలుదారు ఎవరో కొత్త పప్పు రుచి చూడాలన్నాడట. రెండు డబ్బాలు సాయంత్రం విమానంలో వెళ్లాలి. యజమాని కారు విశాఖ వెళ్తోంది. కార్గో కాగితాలు నేనే రాశాను. తప్పు లేకుండా రాశాను. రాసి, యజమాని దగ్గరకి వెళ్లి నన్ను కూడా ఆ కారులో వెళ్లనివ్వమని అడిగాను. కారణం చెప్పాను.

"ఎల్లు తల్లీ," అన్నారాయన. నేను గుమ్మం దాటబోతుంటే, "వచ్చేటప్పుడు మాత్రం కారులో సోటుండదమ్మా. పేక్టరీ మిసను బాగుసేసే మనిసి, ఆయన సామానూ ఎక్కాల," అన్నారు.

డ్రైవరు రెండు డబ్బాలనీ వెనక సీట్లో నా పక్కన పెట్టి, వాటికి బెల్టు పెట్టాడు. గోతుల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాడు. ఏసీ వేశాడు. విశాఖ దాకా వాటి పక్కన కూర్చున్నాను. ఎవరో ఒకాయన నోట్లో వేసుకుని బాగుందో బాగులేదో చెప్పడానికి ఆ పప్పు వెళ్తోంది. ఆ డబ్బాలని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. విసరలేదు. విమానాశ్రయంలో అప్పగించి, రసీదు తీసుకుని, ఆటోలో ఏజెన్సీకి వెళ్లాను.

మేనేజరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. మంచినీళ్లు తెప్పించాడు. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మీ బాధ అర్థమైంది మేడమ్," అని కంప్యూటరు నా వైపు తిప్పాడు. ఏ దారిలో పంపితే ఎంత ఆదా అవుతుందో రంగుల గీతల్లో ఉంది.

"ఇందులో మా ఊరెక్కడుంది?" అన్నాను.

"ఇది జోన్ వారీగా మేడమ్."

"పెట్టెలు ఇవ్వండి. నేనే పట్టుకుపోతాను."

"మంగళవారం లోడ్‌లో మీవి ఉన్నాయి. స్టాక్ అలా విడిగా ఇవ్వడానికి సిస్టమ్ ఒప్పుకోదు."

నేను లేచి, వెనక ఉన్న స్టోరు గుమ్మంలో నేల మీద కూర్చున్నాను. ఇచ్చే దాకా లేవనని చెప్పాను. లోపలి నుంచి ఎవరో బయటికి వచ్చారు. చూస్తే మా పాత వ్యాను డ్రైవరు. వ్యాను ఆపేశాక స్టోరులో వేశారట. నన్ను చూసి, "సెల్లెమ్మా, బావగారికెలగుంది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన మేనేజరు ముఖం వైపు చూడలేదు. లోపలికి వెళ్లి, తోపుడు బండి మీద ఎనిమిది పెట్టెలు పెట్టుకొచ్చి నా ముందు ఆపాడు. మేనేజరు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. దారిలో ఏం జరిగినా ఏజెన్సీకి బాధ్యత లేదని దానిలో ఉంది. పెట్టాను.

ఇప్పుడు వీటిని తీసుకెళ్లేదెలా? ఆలోచిస్తే భావనపాడు మనిషి ఒకతను గుర్తొచ్చాడు. పొద్దున్నే చేపలు వేసుకుని విశాఖ వస్తాడు, ఖాళీ ట్రేలతో తిరిగి వెళ్తాడు. మా ఫ్యాక్టరీ తొక్కల కోసం ఖాళీ బండ్లు వెతికే రోజుల్లో పరిచయం. ఫోను చేశాను.

"ఎక్కడున్నావు బాబూ?"

"ఇసాపట్నంలోనే అక్కా. ట్రేలు కడుగుతన్నాను. ఏటి?"

విషయం చెప్పాను. అతను ఇంకేమీ అడగలేదు. "అక్కడే ఉండు. లేపోతే నీ యెతుకులాట్లో పొద్దు పోతాది," అన్నాడు. అరగంటలో వచ్చాడు. వ్యాను లోపల రెండోసారి కడిగి, కొత్త టార్పాలిను పరిచి ఉంది. పెట్టెల మీద ఒక్క ట్రే కూడా పెట్టలేదు. ట్రేలన్నీ వెనక్కి నెట్టి తాడుతో కట్టేశాడు. టెక్కలి దగ్గర తను తిరిగిపోవాల్సిన దారి వదిలేసి మా ఊరి దాకా వచ్చాడు. అతనికి చార్టులూ లేవు, జోన్లూ లేవు. అవసరం చెబితే అర్థమైంది.

దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాం. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు. పెట్టెలు లోపలికి వస్తుంటే, "సేపల వాసనొత్తన్నాదే," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను.

తెల్లారి పొట్టలోంచి బయటికి వచ్చిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. అవి ఎప్పుడూ తేటగా ఉండాలి. మసకగా వస్తే లోపల చీము పడుతున్నట్టు. అది మాకు నర్సు మొదటి రోజే చెప్పింది. బావకి ఒళ్లు కాలిపోతోంది. పొట్ట మీద చెయ్యి వేయనివ్వడం లేదు.

"నిన్న ఏ సంచేసినావు?"

దుప్పటి మీదకి లాక్కుని చెప్పాడు. "నువ్వెల్లినాక ఊపిరాడలేదే. లెక్క కంటే ఇంకోటి ఎగస్ట్రా ఏద్దామని, మంచియి తరిగిపోతాయని గోడవార పెట్టిలోది తీసినాను. మీద కొద్దిగా సెమ్మున్నాది. పక్క సంచిదేమో అనుకున్నాను. నొక్కి సూసినాను. కారలేదు. నిజంగా కారలేదే."

అదే రోజు మళ్లీ అదే రోడ్డు మీద విశాఖ. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఎన్ని మందులు ఎక్కించినా ఆ నీళ్లు తేటపడలేదు. చివరికి డాక్టరు గొట్టం తీసేశాడు. పొట్ట లోపల పాడైందని, ఇంక ఇంటి పద్ధతి కుదరదని, మిషనే దిక్కని చెప్పాడు.

ఆ మాట విన్నాక నేను చేసిన పని రాయకుండా ఉండలేను. వార్డులో అందరి ముందూ బావని తిట్టాను. చెమ్మ ఉందని తెలిసి ఎందుకు వేశావు, సాయంత్రం దాకా ఆగలేకపోయావా, నేను వస్తున్నానని తెలియదా అని. ఊపిరి ఆడని మనిషిని ఆగమన్నాను. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తిట్టాల్సినవాళ్లు ఏసీ గదిలో ఉన్నారు, చేతికి దొరికినవాడు మంచం మీద ఉన్నాడు. ఆ పూట నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

మేనేజరు ఫోను చేశాడు. పరామర్శకే. చివర్లో అన్నాడు. "బ్యాగ్ మీద తేమ ఉంటే వాడకూడదని ట్రైనింగ్‌లో చెప్తారు కదా మేడమ్."

నేను ఫోను పెట్టేశాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. పళ్లు బిగిసిపోయి దవడ నొప్పి పుట్టింది.

ఇంటికొచ్చిన వారానికి పాత డ్రైవరుని అడిగి మిగతా ఐదు ఇళ్ల ఫోను నంబర్లు తీసుకున్నాను. అందరి కథా ఒకటే. మందస వైపు ఒక ఊళ్లో ఒక తల్లి చెప్పింది. వాళ్ల అబ్బాయి మూడు రోజులు ఒక్క సంచీ లేకుండా ఉన్నాడట.

"ఎవులికీ సెప్పలేదా అమ్మా?"

"ఎవులికి సెప్తాం తల్లీ? పెద్దోల్లు. ఆల్లకేటి ఇబ్బందో అనుకున్నాం."

వాళ్లకేమి ఇబ్బందో! ఆ మాట నన్ను గోడౌన్ గుమస్తా మాట కంటే ఎక్కువ కోసింది. ఐదు ఇళ్లవాళ్లనీ వెంటబెట్టుకుని, నెలవారీ పరీక్షల రోజున విశాఖ ఆసుపత్రిలో డాక్టరు గదిలో కూర్చున్నాను. మందస తల్లి తన మాటల్లో తనే చెప్పింది. డాక్టరు మా ముందే ఏజెన్సీకి ఫోను చేశాడు. ఈ ఐదు ఇళ్లకి చెప్పిన రోజున పెట్టెలు చేరకపోతే ఆసుపత్రి మొత్తానికి ఏజెన్సీని మార్చేస్తానన్నాడు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడాడు, అంతే. మేము రెండు నెలలు బతిమాలినా కదలనిది ఆ రెండు నిమిషాల్లో కదిలింది. ఆనందించాలో మండిపడాలో తెలియలేదు. మండిపడ్డాను.

ఇప్పుడు నెలకోసారి భావనపాడు చేపల వ్యాను తిరిగొచ్చేటప్పుడు ఐదు ఇళ్లకీ పెట్టెలు తెస్తుంది. బాడుగ ఏజెన్సీదే. ఏ రోజు, ఏ ఇల్లు ముందు, ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయి అన్నదంతా నేనే చూస్తాను. మా ఇంటి ముందు మాత్రం వ్యాను ఆగదు. మాకు దానితో పనిలేదు. బావ వారానికి మూడు రోజులు పొద్దున్నే పలాస వెళ్తాడు. వచ్చాక పిండి ఆరేసిన గుడ్డలా పడుకుంటాడు. ఆ రోజు గడిచిపోతుంది, మర్నాడు సగం గడిచిపోతుంది. తోట కౌలుకిచ్చేశాం. కొబ్బరి దింపుతున్న చప్పుడు వినబడితే తలుపు వేసేయమంటాడు.

ఆఫీసులో కూడా నేను మునుపటిలా లేను. ఎవరైనా "ఓవరాల్‌గా" అంటే పెన్ను కింద పెట్టేస్తాను. బేకరీవాళ్లకి సరుకు ఎప్పుడు చేరుతుందో తెలిసింది తెలిసినట్టు చెబుతున్నాను. తెలియకపోతే తెలియదంటున్నాను. యజమాని ఒకటి రెండుసార్లు, "ఏటి తల్లీ, ఈ మద్దిన గట్టిగా మాటాడతన్నావు," అన్నారు.

పోయిన నెల ఏజెన్సీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. మా చేపల వ్యాను పద్ధతి వాళ్ల మేనేజరు పేరు మీద పై ఆఫీసుకి వెళ్లిందట. అక్కడ అందరికీ నచ్చిందట. వాళ్ల కంపెనీ పత్రికలో వేస్తున్నారు.

"మీ ఫొటో ఒకటి కావాలి మేడమ్. పెట్టెల పక్కన నవ్వుతూ నిలబడినట్టు."

"నాది కాదమ్మా. మా ఆయన ఫొటో పంపిస్తాను, వేయండి," అన్నాను.

ఆ మర్నాడు బావతో పాటు నేనూ పలాస వెళ్లాను. మిషన్ పక్కన పడుకుని ఉన్నాడు. చేతిలోంచి రెండు గొట్టాలు, వాటిలో నెత్తురు. ఫోను తీస్తే కళ్లు తెరిచాడు.

"ఏటే అది?"

చెప్పాను.

"ఇంక ఆపీయే. ఎన్నాల్లు తిడతావు ఆల్లని?"

"నాను సచ్చీదాక."

"మరయితే మంచి సొక్కా ఏసుకున్నప్పుడు తీయకూడదేటి," అన్నాడు. అని, తీయించుకున్నాడు. కెమెరా వైపు సూటిగా చూశాడు, నవ్వలేదు.

ఫొటో పంపించాను. జవాబు రాలేదు. వారం ఆగి నేనే ఫోను చేశాను. మేనేజరుగారు మీటింగ్‌లో ఉన్నారని అదే అమ్మాయి చెప్పింది.

"పరవాలేదు, లైన్లోనే ఉంటాను," అన్నాను.